మిద్దె కొట్టే పాట

పాట పూర్తి కాకుండానే ఆమె చేతిలోంచి మైకు తీసేసుకున్నారు. తీసుకుని, జనం చేత చప్పట్లు కొట్టించి, మెట్లు దింపి పంపేశారు.

ఎవరూ కసరలేదు. ఎవరూ తోయలేదు. నవ్వుతూ, భుజం మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా తీసుకున్నారు. తిట్టి తీసుకుని ఉంటే నాకింత మంట ఉండేది కాదు. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. మర్యాదగా చేసిన అన్యాయం మీద ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో, ముప్పై ఏళ్ళు సర్కారు ఆఫీసులో అటెండరుగా ఫిర్యాదు కాగితాలు మోసినవాణ్ణి, నాకే తెలియలేదు.

ఆమె పేరు రాయను. పేరు కాగితం మీద పడడమంటే ఆమెకు గిట్టదు. "పేరు రాసుకున్నారంటే యాడో ఒక వరసలో నిలబెడతారన్నా" అనేది. రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ, ఓటర్ల జాబితా, ఏ కాగితం మీద ఆమె పేరు పడినా ఆ కాగితం ఆమెను ఎండలో నిలబెట్టింది. పాండిచ్చేరిలో నెల్లితోపు మార్కెట్టు వెనక మా వీధిలో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు కూడా తక్కువ. మిద్దె కొట్టినామె అంటే అందరికీ తెలుసు.

మిద్దె కొట్టడమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. సిమెంటు స్లాబులు రాకముందు ఈ ఊళ్ళో పెద్ద ఇళ్ళన్నిటికీ సున్నం మిద్దెలే. దూలాల మీద ఇటుకలు పేర్చి, ఆ పైన సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి జానెడు మందాన పరిచేవాళ్ళు. దాన్ని తళం అంటారు. ఆ తళం గట్టిపడేదాకా ఆడకూలీలు వరసగా గొంతుక్కూర్చుని, చెక్కలతో కొట్టాలి. ఒక గంటా రెండు గంటలూ కాదు. పెద్ద మిద్దె అయితే వారం రోజులు, పొద్దున్నించి సాయంత్రం దాకా. మధ్య మధ్య కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ ఉండాలి. దెబ్బలన్నీ ఒక్కసారే పడాలి. ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక పడితే అక్కడ బుడగ నిలుస్తుంది, వానకాలం ఆ బుడగలోంచే నీళ్ళు దిగుతాయి. అన్ని చేతులనీ ఒక్కటి చేసేది పాట. ఆ పాట ఎత్తేది ఆమె.

అందుకే ఆమె కుడి భుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్ళు కిందికి ఉండేది. రవికె కుట్టే టైలరు ప్రతిసారీ "కొలత తప్పిందేమో, మళ్ళీ నిలబడమ్మా" అనేవాడు. "కొలత సరిగానే ఉండాది, మడిసే తప్పింది, కుట్టు" అనేది ఆమె.

ఇంకో అలవాటు ఉండేది. ఏ ఇంటికి పోయినా ముందు తల ఎత్తి మిద్దె చూసేది. తర్వాత వంగి, వేలి కణుపులతో నేల మీద తట్టి, చెవి ఒగ్గి వినేది. ఆ తర్వాతే మనుషుల్ని పలకరించడం. ఒకసారి మోకాళ్ళ నొప్పికి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన ఆమె మోకాలి మీద చిన్న సుత్తితో తడుతున్నాడు. ఆమె ఆయన గోడ మీద తడుతోంది.

"ఏమ్మా, ఎలా ఉంది?" అన్నాడు ఆయన.

"నా మోకాలు పరవాలేదు సామీ. మీ గోడే లోపల వదిలేసిండాది. కార్తీకంలో చూసుకోండి."

డాక్టరు నవ్వాడు. ఆ కార్తీకం వానల్లో గోడ చెమ్మ పట్టి, ఆయన చదువు పటాలన్నీ బూజెక్కాయని కాంపౌండరు వచ్చి చెప్పాడు. ఆమె సంతోషించలేదు. "పావం, సదువుకున్నాయన" అంది. చదువుకున్నవాళ్ళంటే ఆమెకు జాలి.

నా చదువంటే మాత్రం ఎగతాళి. నేను బడికి పోలేదు. ఆఫీసులో చేరాక, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా పారేసిన పాత వారపత్రికలు పోగేసుకుని, తెలుగు అక్షరాలు నాకు నేనే దిద్దుకున్నాను. అరవం ముందే కూడబలుక్కుని నేర్చుకున్నాను. మా వీధిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నా, తెలుగు చదవగలిగినవాణ్ణి ఇప్పటికీ నేనొక్కణ్ణే. ఆమె నన్ను "ఆఫీసన్నా" అని పిలిచేది. "మా ఆఫీసన్నకి అక్షరం రాకముందు నలుగురి మింద కోపం. అక్షరం వచ్చినాంక ఊరందరి మిందా కోపం" అని వీధి కుళాయి దగ్గర అందరి ముందూ అనేది. అబద్ధం కాదు కాబట్టి నేను ఊరుకునేవాణ్ణి.

మా స్నేహం మిద్దెల మీదిది. ఆఫీసు ఉద్యోగం రాకముందు నేను సున్నం తట్టలు మోసేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై దాటాయి, ఆమెకు ఇంకా నిండలేదు. సముద్రం వైపు పెద్ద ఇళ్ళ మీద, బాహూరు రైతుల ఇళ్ళ మీద, ఎన్ని మిద్దెలు ఎక్కామో లెక్క లేదు. ఆమె వరసకు మొదట్లో కూర్చుని, తల మీద చెంగు కప్పుకుని, చెక్క ఎత్తి అడిగేది:

"ఎవరికే చెల్లే ఈ సల్లని మిద్దె?"

అడిగి ఆగేది. నాలుగు దెబ్బలు పడేంత సేపు. ఆ నాలుగు దెబ్బల మీద వరసంతా ఒక్క గొంతుతో అందుకునేది:

"మనకి గాదులే అక్కా, మనకి గాదులే."

ఆ ఆగిన కాసేపట్లోనే ఆమె ఊపిరి తీసుకోవాలి, తళం మీద ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చూసుకోవాలి. మళ్ళీ అడిగేది. "ఎవరికే చెల్లే మిద్దె కింద నిద్ర?" మనకి గాదులే అక్కా. "ఎవరికే చెల్లే తలుపుకి తాళం?" మనకి గాదులే. ఇంటివాళ్ళ ఊయల, ఇంటాయన చేతికర్ర, పెరట్లో పనసచెట్టు, కంటికి ఏది కనిపిస్తే అది పాటలోకి వచ్చేది. ఇంటామె కింద నుంచి "ఏమర్రా, నా ఊయల మీద పడ్డారు?" అని అరిచేది. ఎండ నడినెత్తికి వచ్చి, చెక్కలు పట్టుకున్న చేతులు బొబ్బలెక్కాక, చివరి ప్రశ్న అడిగేది:

"ఎవరికే చెల్లే మిద్దె మింద ఎండ?"

"మనకేలే అక్కా! మనకేలే!"

అని వరసంతా అరిచి, విరగబడి నవ్వేవాళ్ళు. ఆ ఒక్కచోటే దెబ్బలు తప్పేవి. మేస్త్రీ, మేము కొత్తనారు అంటాం, నిచ్చెన మీద నుంచి తల పైకి పెట్టి, "ఏందమ్మా ఆ నవ్వులు? తళం పగలగొడతారా?" అని కేకలేసేవాడు. పాటకి పసంతా ఆ చివరి జవాబులో ఉంది. అది లేకపోతే అది వట్టి ఏడుపు పాట. అది ఉంటే, నేను విన్న పాటల్లో అంత ధీమా ఉన్న పాట ఇంకొకటి లేదు.

ఆ పాటకి రెండు నియమాలు ఉండేవి. వరస అందుకోకపోతే ముందుకు పోకూడదు. అడిగిందే మళ్ళీ అడగాలి. అందుకోలేదంటే ఎవరి చెయ్యో తప్పిందని అర్థం. ఇక రెండోది, మగగొంతు కలవకూడదు. మగవాడు అందుకుంటే ఆ మిద్దె కారుతుందని మాట. ఒకసారి తట్టలు మోసేవాడొకడు సరదాకి "మనకి గాదులే అక్కా" అన్నాడు. ఆమె లేచి, చిప్పతో కరక్కాయ నీళ్ళు వాడి మొహాన కొట్టింది.

"ఒరే, వానలో ఆ ఇంటి బిడ్డ తల మింద నీళ్ళు కారితే నీ అబ్బ వచ్చి తుడుస్తాడా?"

వాడు నిలబడిన చోట తళం పెకిలించి మళ్ళీ పరిపించింది. కొత్తనారు కూడా ఎదురు చెప్పలేదు. నేను తట్ట దించుకుని నవ్వినవాళ్ళలో ఒకణ్ణి. ఆ రోజు నుంచి ఆ పాట వినిపిస్తే నా నాలుక నోట్లో కదిలేది గాని, మాట పళ్ళు దాటేది కాదు.

అప్పుడు వరసలో ఉన్నవాళ్ళు పదకొండు మంది. స్లాబులు వచ్చాయి, చెక్కలు పొయ్యిలోకి పోయాయి, ఆడవాళ్ళు ఇసుక మోసే సిత్తాళు పనికి చెదిరిపోయారు. తర్వాత ఒక్కొక్కరే కన్ను మూశారు. ఈమె కాక మిగిలిన చివరామె, కాలాపేట వైపు కూతురింట్లో ఉండేది, నాలుగేళ్ళ కింద పోయింది. ఆమె బతికి ఉండగా వీళ్ళిద్దరూ నెలకొకసారి బస్సెక్కి కలుసుకుని, ఒకరు అడిగి ఒకరు అందుకునేవాళ్ళట. ఆమె పోయాక మా మిద్దె కొట్టినామె నాతో అంది:

"ఇంక పాట లేదన్నా. నేనే అడిగి నేనే జవాబు చెప్పుకుంటే ఈదిలో పిచ్చిదంటారు."

కిందటి వానకాలం వెళ్ళాక టీకొట్టు గోడ మీద ఒక కాగితం అంటించారు. గిటారు బొమ్మ వేసి ఉంది. ఆమె బొమ్మ చూసి నన్ను పిలిచింది.

"ఏందన్నా అది? సినిమానా?"

చదివి చెప్పాను. సముద్రం దగ్గరి వీధిలో పాత ఇంటిని బాగు చేసి హాలుగా మార్చారు. నెలకొక ఆదివారం సాయంత్రం అక్కడ ఎవరైనా వచ్చి పాడొచ్చు. ఏ భాషైనా సరే. వెనక బ్యాండు వాయిస్తుంది.

"ఏ బాసైనానా? మనదీనా?"

"ఏ భాషైనా అంటే మనదీ అందులోదే."

"మజ్జలో ఎవరన్నా అడ్డం పడతారా?"

"ఎవరు పడతారు? ఒక్కరూ పడరు."

ఈ మాట నేనే అన్నాను.

 మూడో రోజు ఆమె వచ్చి మా అరుగు మీద తట్టి కూర్చుంది. "పాడతానన్నా. ఒక్క తూరి కడదాకా పాడాల. సుమ్మా నాలుగు గోడల మజ్జ కాదు, నలుగురి ముందర. ఆ కడాకరి మాట నలుగురి నోట విని పోవాల. నా పేరు మాత్రం రాయొద్దను."

నలుగురి నోట విని పోవాలి అంది. ఆ మాట నా చెవిన పడింది. నలుగురి నోటికి ఆ మాట ఎలా వస్తుందని అడగాల్సింది నేను. అడిగాను కూడా, నసుగుతూ. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"జనం కూర్చున్న తావులో పాట అడిగితే అందుకోకుండా ఎవరుంటారన్నా? ఒకరు అంటే పక్కామె అంటాది. మాకెవరన్నా బడి పెట్టి నేర్పినారా?"

నిజమే, మిద్దె మీద ఎవరూ ఎవరికీ నేర్పలేదు. కొత్తగా వచ్చిన కూలిపిల్ల పక్కామె నోరు చూసి పట్టుకునేది. అయితే పక్కామె అనేది ఒకరు ఉండాలి. అది ఆమెకు తోచలేదు. ఆమె బతుకులో ఎప్పుడూ పక్కామె ఉంది.

ఆదివారం నాలుగింటికే హాలుకి పోయాం. ఆమె ముదురాకుపచ్చ చీర కట్టింది, తలంటుకుని ఆరబెట్టిన జుట్టుకి కనకాంబరం పెట్టింది. గుమ్మం దాటగానే తల ఎత్తింది. నేను కూడా ఎత్తాను. పాత దూలాల మీద సున్నం మిద్దే.

"మనం కొట్టిందేనా?" అన్నాను.

వంగి తట్టింది, విన్నది. "కాదు. ఇది మనకన్నా ముందరోళ్ళది. బాగా కొట్టినారు" అంది.

సభ నడిపేది ఒక పాతికేళ్ళ అమ్మాయి. మా తెలుగు మాట విని పరుగెత్తుకుంటూ వచ్చింది. "అయ్యో, మీరు తెలుగాండీ బామ్మగారూ? మాది యానామండీ! ఇక్కడ తెలుగులో పాడేవాళ్ళే దొరకరండి నాకు."

"యానామా? సరి సరి. అట్లయితే మన బిడ్డే" అంది ఆమె, ఆ పిల్ల గడ్డం పట్టుకుని.

కీబోర్డు ముందున్నతను ఏ శృతి అని అడిగాడు. యానాం పిల్ల తిప్పి చెప్పింది.

"శృతి గితి నాకు తెలవదు తల్లీ. ఎండెక్కేకొద్దీ గొంతెక్కతాది, అంతే."

అందరూ నవ్వారు. డ్రమ్ములు వాయించే కుర్రాడికి ఆమె నచ్చింది. ఆమె చెక్క వేదిక మీద కణుపులతో నాలుగు దెబ్బలు కొట్టి చూపించింది. అతను అవే నాలుగు డ్రమ్ము మీద వేశాడు.

"అంత గట్టిగా కాదు నాయనా. తళం పగులుతాది. తడి మింద కొట్టినట్టు కొట్టాల."

అతను కర్ర పక్కన పెట్టి, కుచ్చు లాంటిది తీసుకుని మెత్తగా వేశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో పక్కన కూర్చుని చెక్క ఎత్తినట్టు ఉండి ఉంటుంది. మొదటి ప్రశ్న పాడింది, అతను నాలుగు దెబ్బలు వేశాడు. "సరి, సాలు. వీడికి చెయ్యి ఉండాది" అంది. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలే సాధన. వెనక ఎవరో కవిత పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ నాలుగు దెబ్బల మీద ఏం రావాలో ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆమె సంచీ పట్టుకుని పక్కనే నిలబడిన నేనూ చెప్పలేదు.

ఆరింటికి హాలు నిండింది. ఇంగ్లీషులో ఇద్దరు, అరవంలో ముగ్గురు, ఫ్రెంచిలో ఒక పెద్దాయన పాడారు. తర్వాత యానాం పిల్ల ఆమెను చెయ్యి పట్టి ఎక్కించింది. పేరు చెప్పలేదు, "మన పాండిచ్చేరి తెలుగు బామ్మ" అంది. ఆమె మైకుని చెక్క పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకుంది. చెంగు తల మీదికి లాక్కుంది, ఆ చల్లటి హాల్లో, ఎండ కాస్తున్నట్టు.

"ఎవరికే చెల్లే ఈ సల్లని మిద్దె?"

ఆ గొంతు మీద వయసు ఎక్కలేదని నేను రాస్తే అబద్ధం. ఎక్కింది. బొంగురుపోయింది. కానీ ‘మిద్దె’ దగ్గర పైకి పోయి నిలిచే ఆ వంపు ఉందే, అది అలాగే ఉంది. వెనక నాలుగు మెత్తటి దెబ్బలు పడ్డాయి. హాలు నిశ్శబ్దంగా ఉంది. బాగుంది కాబట్టి నిశ్శబ్దంగా ఉంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

అందుకోలేదు కాబట్టి మళ్ళీ అడిగింది. అదే ప్రశ్న. నాలుగు దెబ్బలు. ఎవరూ లేరు.

మూడోసారి అడిగింది. ఈసారి ప్రశ్న పాడాక తల తిప్పి మా వరస వైపు చూసింది. కీబోర్డతను, పాపం సాయం చేద్దామనుకున్నాడు, ఆ సందులో ఏదో మెట్లు వాయించాడు. ముందు వరసలో ఇద్దరు, ఆమె మాట మరిచిపోయిందనుకుని, ధైర్యం చెప్పడానికి చప్పట్లు మొదలుపెట్టారు. చప్పట్లు వెనక్కి పాకాయి. యానాం పిల్ల గబగబా వచ్చింది, భుజం మీద చెయ్యి వేసింది, మైకు అందుకుంది. "మన బామ్మగారికి గట్టిగా! ఈ వయసులో ఎంత ధైర్యమో చూశారా!"

అందరూ లేచి నిలబడి కొట్టారు. ఆమె ఆ చప్పట్లు వింటూ కుడి చేతిని తొడ మీద కొడుతూనే ఉంది. నాలుగు. ఆగడం. నాలుగు. మెట్లు దిగేటప్పుడు కూడా.

తిరిగి టౌను బస్సులో వచ్చాం. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మార్కెట్టు దగ్గరికి వచ్చాక అడిగింది:

"నా గొంతు పనికి రాలేదంటావా అన్నా?"

"గొంతుకేం, రాయిలా ఉంది."

"మరి ఎందుకు అందుకోలా?"

"వాళ్ళకి తెలియదు చెల్లే. వాళ్ళెప్పుడు విన్నారు?"

"వాళ్ళకి తెలవదు. సరి" అంది.

  స్టాపు రాగానే నా కన్నా ముందు దిగింది.

ఆ రాత్రే కాగితం కలం తీశాను. హాలువాళ్ళకి మొదటి ఉత్తరం అరవంలో రాశాను. ఆమె మరిచిపోలేదనీ, ఆ పాటలో అక్కడ ఆగాలనీ, అడిగింది మళ్ళీ అడగడం ఆ పాట పద్ధతి అనీ, తెలియకపోతే అడగాలి గాని చేతిలోంచి మైకు లాక్కోవడం ఏమి సంస్కారమనీ రాశాను. అదే వేదిక మీద ఆమెకు మళ్ళీ చోటు ఇవ్వాలి, పాట చివరిదాకా జరగనివ్వాలి అన్నాను. వారానికి అచ్చేసిన కార్డొకటి వచ్చింది, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని. అది చూశాక నాకు ఒళ్ళు మండింది. తెలుగు పాటకి జరిగిన అన్యాయం గురించి తెలుగులోనే చెబుతానని రెండో ఉత్తరం తెలుగులో రాశాను. జవాబు లేదు. మూడోది ఇంకా ఘాటుగా, నాలుగు పేజీలు రాశాను. వీధిలో అందరికీ చదివి వినిపించాను. ఆమెకూ వినిపించబోయాను.

"నాకెందుకన్నా? పోస్టులో ఎయ్యి" అంది. ఆమె నేల మీద తట్టి చూడడం మానేసిందని అప్పుడు గమనించాను. మా అరుగు మీద కూర్చునేటప్పుడు కూడా తట్టలేదు.

మాఘంలో జ్వరం తగిలింది. జ్వరం ఊపిరితిత్తులకి దిగింది. సర్కారు ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంది. నేను ఒక్కసారే పోయాను, అప్పుడు నిద్రలో ఉంది. ఏడో రోజు ఆమె కూతురు వచ్చి మా గుమ్మంలో కూలబడింది.

"కడాకరి దాకా చెయ్యి ఆడిస్తానే ఉండె మామా. మంచం పట్టీ మింద నాలుగు కొట్టేది, ఆగేది. నర్సమ్మ నొప్పేమో అనుకుని సూది ఏసింది. నాకూ తెలవకపోయె. ఏందది మామా? ఏమి అడగతా ఉండె?"

జ్వరం వేడికి అలా చేస్తారులే అని చెప్పాను. 

ఇంతమంది మీద ఇంత కోపం రాశాను కదా, ఇక నా సంగతి రాస్తాను. మూడు ఉత్తరాల్లో, వాళ్ళకి ఆ పాట తెలియదని రాశాను. ఆ పాట తెలిసినవాడు ఒకడు మూడో వరసలో, నడవ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడని ఎక్కడా రాయలేదు. ఆమె మూడోసారి అడిగి మా వరస వైపు చూసినప్పుడు, చూసింది నన్నే. మాట నా నాలుక మీదే ఉంది. మనకి గాదులే అక్కా. మూడు మాటలు. మగవాడు అందుకుంటే మిద్దె కారుతుందన్న మాట అడ్డం వచ్చిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. ఆ హాలు మిద్దె మేము పుట్టకముందు కొట్టింది. నా గొంతుకి అది కారదు. ఆ నియమాన్ని నిలబెట్టింది ఆమే, నా వైపు చూసి దాన్ని ఎత్తేసిందీ ఆమే. కరక్కాయ నీళ్ళు కొట్టిన మనిషే నన్ను అందుకోమంది. అయినా నేను తల వంచుకుని చెప్పుల వైపు చూశాను. ఎందుకంటే చుట్టూ మంచి బట్టలు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ముసలివాడు కుర్చీలోంచి అరిచాడని తిరిగి చూస్తారని సిగ్గేసింది. అంతే. అంతకు మించి కారణం లేదు. చప్పట్లు మొదలైనప్పుడు నేను కూడా కొట్టాను.

ఆమె పోయిన తొమ్మిదో రోజు హాలు నుంచి కవరు వచ్చింది. తెలుగులో, చేత్తో రాసింది. మార్చకుండా ఇక్కడ దించుతున్నాను.

"తాతగారికి నమస్కారమండి. మీ తెలుగు ఉత్తరాలు ఇక్కడ ఎవరూ చదవలేక బల్ల సొరుగులో ఉంచేశారు. పరీక్షలకి ఊరెళ్ళి నిన్ననే వచ్చి చదివాను. మైకు తీసుకున్నది నేనే. తప్పు నాదేనండి. బామ్మగారు మరిచిపోయి ఇబ్బంది పడుతున్నారనుకున్నాను. చదివాక ఆ రోజు వీడియో మళ్ళీ పెట్టి చూశాం. మా డ్రమ్స్ అబ్బాయి లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఆవిడ ఆగింది ఒకటే కొలత, సరిగ్గా నాలుగు దెబ్బలు. మరిచిపోయినవాళ్ళు అలా ఆగరు, ఎవరికోసమో ఆగారు అన్నాడు. మూడోసారి ఆవిడ ఒక పక్కకి తిరిగి, ‘ఊఁ, కానీ’ అన్నట్టు తల ఎగరేశారు. ఎవరిని చూసి అలా అన్నారో వీడియోలో పడలేదండి. వచ్చే ఆదివారం బామ్మగారిని తీసుకురండి. ఈసారి మైకు ఎవరూ ముట్టుకోరు, ఎంతసేపైనా సరే. ఆ పక్కన కూర్చున్నది ఎవరో బామ్మగారికి తెలిసే ఉంటుంది. ఆవిణ్ణి అడిగి, వాళ్ళని కూడా తప్పకుండా వెంటబెట్టుకు రండి."